తీగ కలిసిన మధ్యాహ్నం

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో ఒక మేడ ఉంది. కింద గోదాము, పైన ఆఫీసు. మరిడమ్మ ఉద్యోగం ఆ పై అంతస్తులోనే. కింద లారీలకు బెల్లం దిమ్మలు ఎత్తే వేళకు ఆ వాసన మెట్లెక్కి వచ్చి ఏసీ గది నిండా కూర్చునేది. కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లు ముక్కు చిట్లించి తర్వాత మరిచిపోయేవారు. మరిడమ్మ మాత్రం మొదటిరోజు కూడా ముక్కు చిట్లించలేదు. ఆమె తుమ్మపాల చెరుకు రైతు చంద్రమౌళి కూతురు, బెల్లం వండే పొయ్యి పొగలో ఆడుకుంటూ పెరిగిన పిల్ల.

పసితనంలో పెద్ద జబ్బు చేస్తే తల్లి కుమారి, గ్రామదేవత మరిడమ్మ తల్లికి మొక్కుకుని ఆ పేరు పెట్టింది. కాలేజీలో స్నేహితురాళ్లు పేరు మార్చుకోమని పోరినా ఆమె వినలేదు. ఆఫీసులో ఫోను మీటింగులు జరిగేటప్పుడు అవతలి ఊళ్లవాళ్లు మారీ అనీ మర్డీ అనీ నోటికొచ్చినట్టు పిలిచేవారు. ఎలా పిలిచినా పలికేది.

ఆ ఆఫీసు పెట్టినాయన త్రినాధరావు. చాలాకాలం బెంగళూరులో పనిచేసి, కరోనా రోజుల్లో ఇల్లు చేరి, మళ్లీ వెళ్లబుద్ధి కాక, చుట్టుపక్కల చదువుకున్న పిల్లల్ని పోగేసి క్లౌడు పనులు మొదలుపెట్టాడు. ఏదైనా పరీక్షా ఫలితాల వెబ్‌సైటుందనుకోండి, మామూలు రోజుల్లో దాని మొహం చూసేవాడుండడు. ఫలితాలు వదిలిన ఉదయం ఊళ్లకు ఊళ్లు వచ్చి మీదపడతాయి. ఆ తాకిడి వచ్చేలోగా ముంబైలోనో హైదరాబాదులోనో సింగపూర్‌లోనో ఉన్న పెద్ద డేటా సెంటర్ల నుంచి సర్వర్లు తీసుకుని నిలబెట్టాలి, జనం తగ్గాక వదిలేయాలి. ఎక్కువ తీసుకుంటే దండగ, తక్కువ తీసుకుంటే సైటు కూలిపోతుంది. ఎక్కడ ఎన్ని అన్నది చూసుకోవడమే మరిడమ్మ పని. ఒకసారి తల్లి అడిగితే ఇదంతా ఓపిగ్గా చెప్పింది. కుమారి విని, చెరుకు నరికే రోజుల్లో మనం కూలోళ్లని ఎక్కువమందిని పిలుస్తామే, అలాంటిదేనా అని అడిగింది. అలాంటిదేనంది మరిడమ్మ. "ఐతే నువ్వు మేస్త్రీవన్నమాట," అని తల్లి తృప్తిపడి ఇంకెప్పుడూ ఆ సంగతి అడగలేదు.

సర్వర్లు నిలబెట్టడం వరకే మరిడమ్మ బాధ్యత. వాటి మధ్య దారులు చూసుకునేది చెన్నైలో ఉన్న వేరే కంపెనీ. ముంబైలో ఉన్న సర్వరు సింగపూర్ సర్వరుతో మాట్లాడాలంటే ఏ కేబులు మీదుగా వెళ్లాలో, ఒకటి తెగితే ఏది పట్టుకోవాలో వాళ్లే తేల్చేవారు. ఒక ఫలితాల ఉదయం రెండుచోట్లా సర్వర్లు బాగానే ఉన్నాయి కాని వాటి మధ్య మాట ఆగిపోయింది. ఫోను మీటింగు నిండా జనం, అంతా ఇంగ్లీషు. చెన్నై ఇంజనీరు ఒకడు మాత్రం తొణక్కుండా, రెండు నిమిషాలివ్వండి అన్నాడు. అని, మైకు ఆపడం మరిచిపోయాడు. కీబోర్డు టకటకల మధ్య అతని గొణుగుడు అందరికీ వినిపించింది.

"ఏటిదీ... ఇప్పటిదాకా బాగానే ఉన్నాది కదా, ఏటొచ్చింది దీనికి."

మీటింగులో ఉన్నవాళ్లలో ఆ మాట అర్థమైంది మరిడమ్మ ఒక్కర్తెకే. లింకు బాగయ్యాక, మీదే ఊరండీ అని అతనికి విడిగా మెసేజి పెట్టింది. కాసేపటికి జవాబొచ్చింది. పూడిమడక అని, దాని కింద, అందరికీ వినబడిపోయిందా అని.

అతని పేరు అచ్చిబాబు. పూడిమడక అంటే అనకాపల్లి నుంచి స్కూటరు మీద పోయి రాగల దూరంలో ఉన్న సముద్రపు ఒడ్డు ఊరు. అతని తండ్రి, తాత, అందరూ చేపల వేటకెళ్లినవాళ్లే. తండ్రి మాత్రం కొడుకుని పడవ ఎక్కనివ్వలేదు. ఈ తరంతో చాలని తరిమి తరిమి చదివించాడు. అందుకని అచ్చిబాబు చెన్నైలో కిటికీ లేని గదిలో కూర్చుని, సముద్రాల అడుగున పరిచిన కేబుళ్లను తెర మీద గీతలుగా చూసేవాడు.

రోజూ ఉదయం రెండు కంపెనీలకూ కలిపి ఒక మీటింగు ఉండేది. అది ముగిసి అందరూ వెళ్లిపోయాక వీళ్లిద్దరూ మిగిలేవారు. మొదట్లో పని మాటలే. ఒకరోజు అతను ఉన్నట్టుండి, "ఈయేళ గాలి ఎటున్నాదండీ అక్కడ?" అని అడిగాడు. మరిడమ్మకు తెలియలేదు. లేచి డాబా మీదికి వెళ్లి, ఎదురింటి దండెం మీద చీరలు ఎటు ఎగురుతున్నాయో చూసి వచ్చి చెప్పింది. అయితే ఇవాళ మావాళ్లకి బాగా పడుంటాయి చేపలు అన్నాడు. అప్పటినుంచి ఆమె మీటింగుకు ముందే డాబా ఎక్కి చూసి వచ్చేది. తనను ఎవరూ అంత అక్కరతో ఏదీ అడిగినట్టు ఆమెకు గుర్తులేదు. కొండకర్ల ఆవ చెరువులోకి పక్షులొచ్చాయా అని అడిగితే ఆదివారం పూట కొండకర్ల వెళ్లి చూసొచ్చింది. ఇలా అతని కోసం ఊరంతా చూడ్డం మొదలుపెట్టాక, పుట్టి పెరిగిన చోటు ఆమెకు కొత్తగా కనిపించసాగింది.

ఒక ఆదివారం తల్లికి ఏదో చెప్పి పూడిమడక వెళ్లింది. పడవలు అప్పుడే ఒడ్డెక్కుతున్నాయి. గంపల ముందు ఆడవాళ్లు బేరాలాడుతున్నారు. వాళ్లలో అచ్చిబాబు తల్లి చిట్టి ఎవరో ఆమె ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అలల మోత మీంచి కూడా వినిపించే గొంతని అతను చాలాసార్లు చెప్పాడు. మరిడమ్మ ఆమె దగ్గర కూర్చుని చందువా చేపలు ఏరుతూ, పిల్లలెంతమందమ్మా అని అడిగింది.

"ఒకడే. మెద్రాసులో ఉన్నాడు. తీగల్ని సూసుకుంటాడంట," అంది చిట్టి చేప పొలుసు గీకుతూ. "తీగలేటమ్మా, గొడ్లా సూసుకోడానికి? సెప్తే నాకర్దం కాదు. అన్నం తిన్నావురా అంటే మాత్రం తిన్నానంటాడు. అదర్దమవుద్ది."

మరిడమ్మ తానెవరో చెప్పలేదు. చేపలు కట్టించుకుని, సముద్రం ఫోటో ఒకటి తీసి అతనికి పంపింది. మర్నాడు మీటింగు అయ్యాక అచ్చిబాబు ఆ ఫోటో సంగతే ఎత్తాడు.

"ఫోటోలో ఆ మూల గంప దగ్గర సెయ్యి కనిపిస్తంది. అది మాయమ్మ సెయ్యి," అన్నాడు. తర్వాత, గారు అన్న మాట లేకుండా, "మరిడీ," అన్నాడు. అంతే. ఆ పిలుపు చెవిలో పెట్టుకుని ఆమె ఆ రోజంతా ఏ పని చేసిందో ఆమెకే తెలియలేదు.

కొన్ని నెలల తర్వాత అతను ఉద్యోగం మారుతున్నానని చెప్పాడు. సముద్రం అడుగున తెగిపోయిన కేబుళ్లను పైకి లాగి అతికే ఓడ ఒకటుంది. అందులో, కేబులు లోపలుండే గాజుపోగులు అతికే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు. తెగిన కొసలు వెతికి తీసుకొచ్చాక, వెంట్రుకకన్నా సన్నని పోగుల్ని ఒక్కొక్కటే కలిపి, మళ్లీ నీళ్లలోకి దించాలి. వల పట్టను, తీగ పడతానని తండ్రిని ఒప్పించాడట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో ఉన్న వెలుగు విని, వద్దనడానికి మరిడమ్మకు నోరు రాలేదు.

చెన్నై ఆఫీసులో అతని చివరిరోజున మిగిలినవాళ్లంతా వెళ్లాక ఇద్దరూ లైనులో ఉన్నారు.

"ఓడెక్కేక ఫోను సరిగ్గా దొరకదంట," అన్నాడు. "పని పడితే అసలే దొరకదు."

"ఎన్నాళ్లు?"

"ఎక్కడ తెగితే అక్కడికెల్లాలి. సెప్పలేం." మళ్లీ తనే, "నీకో మాట సెప్పాలి. వచ్చేక సెప్తాను," అన్నాడు.

"వచ్చేకే సెప్పు," అంది మరిడమ్మ. ఇప్పుడే చెప్పమని ఎందుకు అడగలేదా అని ఆ తర్వాత ఎన్నో నెలలు తనను తాను తిట్టుకుంది.

అతని స్థానంలో హాసిని అనే అమ్మాయి వచ్చింది. పని బాగా తెలిసిన పిల్ల. మీటింగు అవగానే థాంక్యూ చెప్పి వెళ్లిపోయేది. అలవాటు కొద్దీ మరిడమ్మ ఇంకాసేపు చెవులకు హెడ్‌ఫోను ఉంచుకుని కూర్చునేది. అందులో ఏమీ వినిపించేది కాదు. డాబా మీద చీరలు ఎటో ఎగురుతూనే ఉండేవి. అడిగేవాళ్లే లేరు.

ఆ ఏడాదే ఆఫీసులో పని తీరు కూడా మారింది. తాకిడి పెరిగితే సర్వర్లు వాటంతటవే లేచి నిలబడి, తగ్గితే వాటంతటవే పోయే ఏర్పాటు వచ్చింది. ఆ ఏర్పాటును సరిగ్గా దిద్దింది మరిడమ్మే. దిద్దాక చేతికి పని తగ్గింది, తెర చూస్తూ కూర్చోవడం పెరిగింది. అచ్చిబాబు నుంచి ఓడ ఏదైనా రేవుకు చేరినప్పుడు ఒకటో రెండో మెసేజిలు వచ్చేవి. బాగున్నాననీ, ఇక్కడి వాళ్లు చేపల కూరలో పులుపు వెయ్యరనీ. ఆమె వాటిని మళ్లీ మళ్లీ చదివేది. ఆఖరికి ఆ పులుపు మాట మీద కూడా బెంగ పుట్టింది.

రావికమతం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడు, పొలముంది, మర్యాదస్తులు. కాదనడానికి కారణమేదీ దొరక్కపోయినా మరిడమ్మ కాదంది. కుమారి రెండురోజులు అలిగింది. చంద్రమౌళి మాత్రం కూతుర్ని చెరుకు తోట గట్టు మీదికి తీసుకెళ్లి నెమ్మదిగా అడిగాడు.

"ఎవరైనా ఉన్నారేటమ్మా?"

"ఉన్నారో లేదో నాకే తెలీదు నాన్నా," అంది. అది నిజం. ఇద్దరి మధ్యా ఒప్పుకున్న మాటంటూ ఒక్కటీ లేదు. అతని మొహమైనా ఆమె సరిగ్గా చూసింది లేదు. మీటింగుల్లో అందరి కెమెరాలూ మూసే ఉండేవి, అతన్ని ఫోటో పంపమనడానికి ఆమెకు సిగ్గు. చంద్రమౌళి గట్టు దిగుతూ కూతురి చెయ్యి పట్టుకున్నాడు, చిన్నప్పుడు పట్టుకున్నట్టు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక ఉదయం ఆఫీసు తెరలన్నీ ఎరుపెక్కాయి. పడమటి సముద్రాల్లో ఎక్కడో కేబుళ్లు తెగాయి. త్రినాధరావు కంపెనీకి లండన్‌లో ఒక ఆసుపత్రుల సంస్థ ఖాతాదారుగా ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి మాట వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం మామూలు కన్నా మూడింతలైంది. అక్కడి డాక్టర్లు ముంబై సర్వర్లలో ఉన్న స్కానింగు బొమ్మ తెరుచుకోక ఎదురుచూస్తున్నారు. మరిడమ్మ ఆ పూట తినడం మరిచి పనిచేసింది. హాసిని తూర్పున సింగపూర్ మీదుగా చుట్టుదారి తెరిచింది. మరిడమ్మ లండన్‌కు దగ్గర్లోనే కొత్త సర్వర్లు నిలబెట్టి, బొమ్మలన్నిటి నకళ్లూ అక్కడికి చేర్చింది. అన్నీ ఒక్కసారి పంపితే ఆ సన్నని దారి మూసుకుపోతుందని, ముందు అత్యవసర వార్డువి, తర్వాత మిగతావి పంపింది. సాయంత్రానికి డాక్టర్లకు బొమ్మలు తెరుచుకున్నాయి. త్రినాధరావు అందరికీ టీ తెప్పించాడు.

ఆ టీ చేతిలో ఉండగా ఆమె ఫోను మోగింది. అచ్చిబాబు మెసేజి. అక్కడికే ఎల్తన్నాం, అని. అంతకుమించి ఒక్క అక్షరం లేదు.

తర్వాత రోజులు గడిచాయి, కబురు లేదు. ఆ సముద్రాల్లో గొడవలున్నాయని, ఓడలకు అనుమతులు దొరకడం లేదని వార్తల్లో చెప్పేవారు. మరిడమ్మ వార్తలు చూడ్డం మానేసి మళ్లీ మొదలుపెట్టేది. కొత్త ఏర్పాటు బాగా నడుస్తోందని, పాత పడమటి దారి మీద ఉన్న సర్వర్లన్నీ వదిలేయమన్నాడు త్రినాధరావు. ఆమె అన్నీ వదిలేసింది, ఒక్కటి తప్ప. అన్నిటికన్నా చిన్న సర్వరు అది. దానికున్న పని ఒకటే. ఆ తెగిన దారిలో నిమిషానికోసారి లండన్‌ను పలకరించి, జవాబు వస్తుందా లేదా అని చూడటం. పరీక్ష కోసం ఉంచుతానంటే ఆయన సరేనన్నాడు. అది పరీక్ష కోసం కాదని ఆయనకు తెలుసో లేదో.

పలకరింపు వెళ్లేది, జవాబు వచ్చేది కాదు. రోజూ అన్నం తిన్నాక ఆమె ఆ తెర ముందు కూర్చునేది. ఒక్కోసారి ఓడ మీద అతను నిలబడ్డట్టు ఊహించుకోబోయేది. మొహం రాక, గొంతు ఒక్కటే వచ్చేది.

దసరాలు వెళ్లిన తర్వాత ఒక మధ్యాహ్నం, ఆఫీసులో సగంమంది భోజనానికి వెళ్లి ఉండగా జవాబు వచ్చింది. ఒకటి. ఆమె కదల్లేదు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి, వరసగా వచ్చాయి. పట్టే సమయం పాత అంకెకు దిగి, అక్కడే నిలిచింది. లోకంలో అందరికన్నా ముందు తనకే తెలిసినట్టనిపించింది ఆమెకు. ఎక్కడో నడిసముద్రంలో, చల్లని చిన్న గదిలో అతను ఆఖరి పోగు కలిపి చేతులు వెనక్కి తీసుకుని ఉంటాడు. తీగ నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. అతను క్షేమం.

భోజనం ముగించి వచ్చిన త్రినాధరావు ఆమె నిలబడి ఉండటం చూసి ఏమైందని అడిగాడు.

"కేబుల్ కలిసింది సార్," అంది. అని, కూర్చోలేక మెట్లు దిగి, లారీల మధ్య నుంచి మార్కెట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. దిమ్మలు మోసే మనిషొకాయన, ఎవరికోసమమ్మా అని అడిగాడు. ఎవరికోసమూ కాదని చెప్పి వెనక్కి తిరిగింది.

ఆ పండగలన్నీ అయిపోయాక, చలి మొదలైన రోజుల్లో అచ్చిబాబు సెలవు మీద వచ్చాడు. కొండకర్లలో కలుద్దామన్నాడు. మరిడమ్మ ముందే వెళ్లి ఆవ ఒడ్డున దోనెల దగ్గర నిలబడింది. ఎండకు నల్లబడి, ఆమె అనుకున్నదానికన్నా పొట్టిగా ఉన్న ఒక మనిషి వచ్చి ఎదురుగా ఆగాడు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారు. అన్నాళ్లు చెవిలో ఉన్న మనిషి ఇతనేనా అని ఆమెకు లోపల గుబులు పుట్టింది. అతనికీ అలాగే ఉన్నట్టుంది. తామరాకుల వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరకు మరిడమ్మే, కొంచెం అటు తిరిగి మాట్లాడమంది. అతను నవ్వి, వెనక్కి తిరిగి, నీళ్ల వైపు మొహం పెట్టాడు.

"మరిడీ, నన్ను సేసుకుంతావా?"

ఆ గొంతే. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"ఓడ దిగిపోతావా?"

"దిగలేను. అబద్దమాడి నిన్ను సేసుకోలేను. ఏడాదిలో సగం పైనే నీళ్ల మీదుంటాను."

"నాకూ తెలుసు," అంది ఆమె. "ఇటు తిరుగు. సూడనీ నిన్ను."

ఇంట్లో కులం మాట వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది. చంద్రమౌళి చెరుకు నరకడం అయ్యేదాకా కూతురితో మాట్లాడలేదు. అయ్యాక ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పూడిమడక వెళ్లి, అచ్చిబాబు తండ్రితో పడవ అంచున మధ్యాహ్నందాకా కూర్చుని, చేపల సంచితో తిరిగొచ్చి కుమారి చేతికిచ్చాడు. ఏమనుకున్నారో ఆయన చెప్పలేదు. వేసవిలో పెళ్లి జరిగింది. త్రినాధరావు ఆఫీసుకు సెలవిచ్చి అందర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. కొన్ని వారాలు ఇద్దరూ అనకాపల్లిలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో కాపురం చేశారు. తర్వాత ఓడ పిలిచింది. స్టేషనులో రైలు కదిలేదాకా అతను ఆమె మొహం చూస్తూనే ఉన్నాడు. ఈసారి ఆమె కూడా కళ్లు మూసుకోలేదు.

బెంగ తగ్గుతుందనుకుంది. తగ్గలేదు, దానికి ఇప్పుడు ఒక మొహం కూడా వచ్చింది. కంచం పెట్టుకుంటే అతను కూర్చునే వైపు ఖాళీగా కనిపించేది. సెలవు దొరికిన ప్రతి ఆదివారం పూడిమడక వెళ్లి అత్తగారి పక్కన ఇసుకలో కూర్చునేది. అలాంటి ఒక ఆదివారం ఉదయం మామగారి పడవ ఇంకా రాలేదు. మిగతా పడవలు చాలా వచ్చేశాయి. చిట్టి గంప బోర్లించి దాని మీద కూర్చుని, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నీళ్లవైపు చూస్తోంది.

మరిడమ్మ అడుగుదామా వద్దా అనుకుంటూనే అడిగింది. "నీకు అలవాటైపోయిందా అత్తా, ఇలా సూడ్డం?"

చిట్టి తల తిప్పలేదు. "అలవాటైతే ఒడ్డుకెందుకొత్తానే. ఇంట్లోనే కూకుందును," అంది. కాస్త జరిగి, గంప మీద కోడలికి చోటిచ్చింది. మరిడమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. పొద్దెక్కింది. ఇద్దరూ నీళ్లవైపే చూస్తూ కూర్చున్నారు.